పూతలో ఆకు పండితే వేరు కూడా చూడండి: తెగుళ్ల శాస్త్రవేత్త ఎడ్విన్ బట్లర్ జీవితం

కంది పూతకు వచ్చే రోజుల్లో రైతుల నుంచి వచ్చే ప్రశ్నలు చాలావరకు ఒకేలా ఉంటాయి. వాట్సాప్‌లో పసుపు పడిన ఆకు ఫొటో ఒకటి వస్తుంది. దాని కింద ఏ మందు కొట్టాలి అన్న ఒకే మాట ఉంటుంది. కాండం కనపడదు, వేరు కనపడదు, పక్క మొక్క ఎలా ఉందో తెలియదు. ఆ ఒక్క ఆకును చూసి చెప్పగలిగింది చాలా తక్కువ. చేలో నీరు నిలిచినా కంది ఆకు పండుతుంది, బెట్టకు గురైనా పండుతుంది. ఎండు తెగులు సోకినా పండుతుంది. ఏ రోగమూ లేకుండా, పూతకు కాయకు పోషకాలు తరలిపోవడం వల్ల కూడా కింది ఆకులు పండి రాలతాయి. పూత దశలో తప్పు మందు కొడితే డబ్బు పోవడమే కాదు, అసలు జబ్బును గుర్తించడానికి మిగిలిన నాలుగు రోజులూ పోతాయి.

ఆకు మీద కనిపించే లక్షణానికి, మొక్కను చంపే కారణానికి మధ్య ఉన్న ఈ దూరాన్ని మన దేశపు పంటల్లో మొదటగా ఓపిగ్గా కొలిచిన మనిషి ఎడ్విన్ జాన్ బట్లర్. వ్యవసాయ డిగ్రీ చదివిన ప్రతి విద్యార్థికీ ఆయన పేరు తెలుసు. భారతదేశంలో మొక్కల తెగుళ్ల శాస్త్రానికి పితామహుడు ఎవరు అన్న ప్రశ్న పోటీ పరీక్షల్లో వస్తూనే ఉంటుంది. పేరు రాసి మార్కు తెచ్చుకుంటాం, అంతటితో సరి. ఆయన పేరు తెచ్చుకున్న పనుల్లో ఒకటి మన గోదావరి డెల్టా తాటితోపుల్లో జరిగిందని చాలామందికి తెలియదు.

వైద్యం చదివి మొక్కల దగ్గరికి

బట్లర్ 1874లో ఐర్లండ్‌లోని క్లేర్ కౌంటీలో, కిల్కీ అనే సముద్రతీర పట్టణంలో పుట్టారు. అంతకు ముప్పై ఏళ్ల కిందట అదే దేశంలో బంగాళాదుంప పైరు ఆకుల మీద నల్ల మచ్చలతో మొదలై, దుంపలతో సహా కుళ్ళిపోయి, లక్షల మంది ఆకలితో చనిపోయారు. చలి వల్ల అని కొందరు, తేమ వల్ల అని కొందరు, దేవుడి కోపం అని ఇంకొందరు అనుకున్నారు. బూజు లాంటి ఒక సూక్ష్మజీవి దానికి కారణమని తిరుగులేకుండా తేలడానికి 1861 దాకా పట్టింది. తేల్చినవారు జర్మనీకి చెందిన ఆంటన్ డి బారీ. ఆ జీవికి ఫైటోఫ్తోరా అని పేరు. ఈ పేరు గుర్తుంచుకోండి, గోదావరి దగ్గర మళ్ళీ వస్తుంది.

బట్లర్ కార్క్ నగరంలోని క్వీన్స్ కాలేజీలో వైద్యం చదివి 1898లో పట్టా పుచ్చుకున్నారు. అయితే అక్కడ జీవశాస్త్రం చెప్పిన ప్రొఫెసర్ మార్కస్ హార్టాగ్ ప్రభావంతో ఆయన మనసు నీటిలో, తడి నేలలో బతికే బూజుల మీదికి మళ్ళింది. రోగులను చూడాల్సిన డాక్టరు పారిస్‌లోనూ జర్మనీలోనూ ప్రయోగశాలల్లో కూర్చుని పితియం అనే బూజు జాతిని చదివారు. నారుమళ్ళలో నారుకుళ్ళు తెప్పించేది ఆ జాతే. మిర్చి, పొగాకు, టమాట నారు పోసే వారందరికీ అది పాత శత్రువు.

1901లో భారత ప్రభుత్వం ఆయనను కలకత్తాకు పిలిపించుకుంది. బూజులు, శిలీంద్రాలు చూసే వృక్షశాస్త్రజ్ఞుడి కొలువు అది. అంతకు ముందు దేశంలో ఆ పనికే ప్రత్యేకించిన ఉద్యోగి లేరు. మరుసటి ఏడు డెహ్రాడూన్‌కు మారారు. 1905లో బీహార్‌లోని పూసాలో కేంద్ర వ్యవసాయ పరిశోధన సంస్థ మొదలైంది. హెన్రీ ఫిప్స్ అనే అమెరికా ధనవంతుడు ఇచ్చిన విరాళంతో కట్టిన సంస్థ అది. అక్కడ ఇంపీరియల్ మైకాలజిస్టుగా చేరిన బట్లర్ 1920 వరకు ఆ పదవిలోనే ఉన్నారు.

వైద్యుడి చదువు ఆయనకు వృథా పోలేదనే నాకనిపిస్తుంది. మంచి డాక్టరు జ్వరానికి మందు రాసే ముందు అది మలేరియానా టైఫాయిడా అని చూస్తాడు. మొక్క విషయంలో ఆకు పండటమంటే జ్వరం లాంటిదే.

గోదావరి తాటిచెట్లు

పందొమ్మిదో శతాబ్దం చివరి ఏళ్ల నుంచి గోదావరి డెల్టాలో తాటిచెట్లు చనిపోవడం మొదలైంది. కాటన్ ఆనకట్ట తరువాత వరి విస్తరించిన ఆ నేలలో తాటిచెట్టు చేను గట్టు మీద, కాలువ గట్టు మీద, లంకల్లో ఎక్కడ చూసినా ఉండేది. ఎవరూ నాటి నీరు పెట్టి పెంచింది కాదు. అయినా కల్లు, బెల్లం, ముంజలు, తేగలు, ఇంటి కప్పుకు ఆకు, దూలాలకు మాను అన్నీ దాని నుంచే వచ్చేవి. గీత పని మీద బతికే కుటుంబాలకు చెట్టు చావడమంటే పొలం కొట్టుకుపోయినట్టే. తాటిచెట్టు గీతకు రావడానికి చాలా ఏళ్లు పడుతుంది కాబట్టి, ఇవాళ పోయిన చెట్టు స్థానంలో ఇంకో చెట్టు చేతికి వచ్చేసరికి ఒక తరం గడుస్తుంది.

చెట్టు చచ్చే తీరు చాలా మోసకారిగా ఉండేది. చుట్టూ ముదురు ఆకులు పచ్చగానే ఉంటాయి. నడిమి మొవ్వు మాత్రం రంగు మారి, వాడి, ఒక రోజు వాలిపోతుంది. అప్పటికి లోపల తల అంతా కుళ్ళి ముక్కు మూసుకోవాల్సిన వాసన వస్తుంది. కిందినుంచి చూసేవారికి మొదట తెలిసేది ఆ వాడిన మొవ్వే. అది కనపడేసరికి చెట్టు చచ్చినట్టే లెక్క.

బట్లర్ ఇక్కడికి వచ్చి చేసిన మొదటి పని చెట్టు తలను నరికించి పొర తరువాత పొర విప్పి చూడటం. తాటి మట్టల మొదళ్ళు ఒకదాన్ని ఒకటి చుట్టుకుని ఉంటాయి. పై మట్ట మొదలు మీద లోతుగా దిగిన మచ్చ ఒకటి కనపడింది. దాన్ని తీస్తే కింది మట్ట మీద సరిగ్గా అదే చోట ఇంకో మచ్చ. దాని కింద మరొకటి. అలా రోగం బయటి నుంచి లోపలికి, పొర పొరకూ తొలుచుకుంటూ చివరికి మొవ్వును చేరుతోంది. మొవ్వు చేరిన తరువాతే కుళ్ళు, వాసన. ఆ కుళ్ళులో బాక్టీరియా కుప్పలుగా ఉంటుంది. అమెరికాకు చెందిన ఒక శాస్త్రవేత్త 1912లో వెస్టిండీస్ కొబ్బరి మొవ్వుకుళ్ళుకు బాక్టీరియాయే కారణమని రాశారు కూడా. అయితే బట్లర్ కుళ్ళిన మొవ్వును వదిలి, ఇంకా కుళ్ళని తొలి మచ్చ అంచుల్ని సూక్ష్మదర్శిని కింద పెట్టారు. అక్కడ ఉన్నది బూజు. అదీ ఆయన కాలేజీ రోజుల నుంచి ఎరిగిన కుటుంబానిదే. 1907లో దానికి పితియం పామివోరం అని పేరు పెట్టారు. 1919లో తన పేరును తానే దిద్దుకుని ఫైటోఫ్తోరా జాతిలోకి మార్చారు. ఐర్లండ్‌ను ఆకలితో చంపిన బూజుకు అది దగ్గరి చుట్టం.

వానాకాలంలో ఎందుకు పెరుగుతుందో దీంతో తేటపడింది. ఈ జీవి తడి ఉంటేనే బీజాలు విడుస్తుంది. గాలివాన ఉన్నప్పుడు ఒక చెట్టు తల నుంచి ఇంకో చెట్టు తలకు చేరుతుంది. కాబట్టి చచ్చిన చెట్టును అలాగే నిలబెట్టి ఉంచడం పక్క తోపుకు రోగం పంపడంతో సమానం. రోగపు చెట్ల తలలు నరికించి కాల్చేసే పనిని ప్రభుత్వం చేపట్టింది. చెట్టెక్కి తల నరికి కిందికి దింపి కాల్చడం చిన్న పని కాదు. తోపు యజమానికి అది కష్టంగానే తోచి ఉంటుంది, ఎందుకంటే పచ్చని ఆకులున్న చెట్టునే నరకమంటున్నారు. తెగులు పూర్తిగా పోలేదు, కానీ అదుపులోకి వచ్చింది. బట్లర్ కనుక్కున్నది నిజమని మద్రాసు ప్రభుత్వపు తెగుళ్ల శాస్త్రవేత్త విలియం మెక్రే తాటి మీద, కొబ్బరి మీద చేసిన సంక్రమణ ప్రయోగాలతో 1923లో బలపరిచారు.

నేటి కొబ్బరి రైతుకు ఇందులో పనికొచ్చే సంగతి ఉంది. కోనసీమలో కొబ్బరి మొవ్వు వాడితే మూడు వేర్వేరు కారణాలుంటాయి. విప్పుకున్న ఆకు కత్తెరతో కోసినట్టు త్రికోణాకారంగా తెగి ఉంటే అది కొమ్ము పురుగు పని. మానుకు రంధ్రాలుండి, నమిలిన పీచు, గోధుమ రంగు జిగురు కారుతుంటే ఎర్రముక్కు పురుగు. ఈ రెండూ లేకుండా మొవ్వు ఆకును పట్టి లాగితే చేతిలోకి వచ్చేసి, మొదట్లో దుర్వాసన ఉంటే మొవ్వుకుళ్ళు. మొవ్వుకుళ్ళు తొలి దశలో ఉంటే కుళ్ళిన భాగాన్ని ఆరోగ్యమైన కణజాలం వచ్చేవరకు చెక్కి తీసి, బోర్డో పేస్టు పూసి, కొత్త మొవ్వు వచ్చే వరకు వాన నీరు దిగకుండా కప్పాలి. చుట్టుపక్కల చెట్ల మొవ్వులో ఒక శాతం బోర్డో మిశ్రమం పోయాలి. కిలో మైలుతుత్తం, కిలో సున్నం, వంద లీటర్ల నీరు చొప్పున కలుపుకుంటే ఒక శాతం మిశ్రమం అవుతుంది. పురుగుకు కొట్టే మందు దీనికి పనిచేయదు, దీనికి పోసే మందు పురుగును చంపదు. ఇదే ఫైటోఫ్తోరా పామివోరా కొబ్బరిలో అంతరపంటగా వేసే కోకోలో కాయలను నల్లగా కుళ్ళబెడుతుంది. కోకో వేసినవారు నల్లబడ్డ కాయలను చెట్టుకే వదిలేయకుండా తెంపి దూరంగా పూడ్చాల్సింది అందుకే.

కంది ఎండు తెగులు

బట్లర్ పూసాకు చేరిన కొత్తలోనే కంది ఎండు తెగులు మీద పని మొదలుపెట్టారు. 1906లో తొలి వ్యాసం, 1910లో పూర్తి నివేదిక వెలువడ్డాయి. ఇక్కడ ఆయనకు అడ్డు వచ్చింది ఒక పెద్ద పేరు. అమెరికాలో ఎర్విన్ స్మిత్ అనే గొప్ప శాస్త్రవేత్త పత్తి, పుచ్చ, అలసంద ఎండు తెగుళ్ళకు నియోకాస్మోస్పోరా అనే శిలీంద్రం కారణమని 1899లోనే చెప్పి ఉన్నారు. చచ్చిన కంది వేళ్ళ మీద చూస్తే ఆ శిలీంద్రం బట్లర్‌కూ కనపడింది. ఒప్పేసుకుంటే పని అయిపోయేది. ఆయన ఒప్పుకోలేదు. ఆ శిలీంద్రాన్ని విడిగా పెంచి ఆరోగ్యమైన కంది మొక్కలకు అంటించి చూశారు. మొక్కలకు ఏమీ కాలేదు. అదే వేళ్ళలో ఉన్న ఇంకో శిలీంద్రం, ఫ్యుజేరియం, అంటించినప్పుడు మాత్రం మొక్కలు ఎండాయి. అంటే మొదటిది చచ్చిన వేరు మీద బతికేది, రెండోది బతికున్న వేరును చంపేది. ఆ రెండోదానికి ఫ్యుజేరియం ఊడమ్ అని పేరు పెట్టారు. నేటికీ ఆ పేరే చెల్లుతోంది.

చచ్చిన మొక్క మీద ఏది కనపడితే అదే చంపిందనుకోవడం మన చేలల్లో నేటికీ జరిగే పొరపాటు. ఎండిన కంది మొదట్లో చెదలు కనపడితే చెదల మందు పోస్తారు. చెద చాలాసార్లు చచ్చిన మొక్కను తినడానికి వచ్చిందే.

ఈ తెగులు ఎక్కువగా పూత, కాయ దశల్లోనే బయటపడుతుంది. కాబట్టి పూత దశలో కంది ఆకు పండి వాడితే ఈ విధంగా చూడండి. ముందు మొక్క మొత్తం వాడిందా, ఒక పక్క కొమ్మలే వాడాయా గమనించండి. ఎండు తెగులులో ఒక పక్కే వాడటం తరచూ కనిపిస్తుంది, ఎందుకంటే శిలీంద్రం ఆ పక్క వేరు నుంచి ఆ పక్క నాళాల్లోకే ఎక్కుతుంది. నేల నుంచి పైకి కాండం మీద ఊదా గోధుమ రంగు పట్టీ పాకి ఉంటుంది. తరువాత మొక్కను వేరుతో పీకి, మొదట్లో బెరడు ఒలిచి, కాండాన్ని నిలువుగా చీల్చండి. లోపల నల్లని చారలు ఉంటే అది ఎండు తెగులే. చారలు లేకుండా వేరు మెత్తబడి ఉంటే నీరు నిలిచిన దెబ్బ అయి ఉండవచ్చు. నేలకు కాస్త పైన కాండం మీద గోధుమ, నల్ల మచ్చ చుట్టూ తిరిగి అక్కడే విరిగిపోతుంటే ఫైటోఫ్తోరా ఎండు తెగులు. ఇది పల్లపు చేలల్లో, ఎక్కువగా లేత పైరు మీద వస్తుంది. ఇక మొక్క బతికే ఉండి, ఆకులు చిన్నవై లేత పసుపు ఆకుపచ్చ మొజాయిక్‌తో గుబురుగా పెరిగి పూతే రాకపోతే అది వెర్రి తెగులు, కొన్నిచోట్ల గొడ్డుమోతు తెగులు అంటారు. వైరస్ వల్ల వచ్చే దాన్ని కంటికి ఆనని నల్లి మోసుకొస్తుంది. దీనికి శిలీంద్రపు మందు కొట్టి ప్రయోజనం లేదు.

చేదు నిజం ఏమిటంటే ఎండు తెగులు అని సరిగ్గా గుర్తించినా ఆ మొక్కను ఏ పిచికారీతోనూ బతికించలేం. బట్లర్‌కూ ఆ సంగతి తెలుసు. శిలీంద్రం నేలలో, పాత మోళ్ళలో దాదాపు మూడేళ్ళు బతికి ఉంటుంది. అందుకే ఆయన చూపు మందుల కంటే పంట మార్పిడి మీద, తట్టుకునే రకాల మీద ఉండేది. పూత దశలో సరైన నిర్ధారణ వల్ల మీకు మిగిలేది ఈ ఏటి మందు ఖర్చు, వచ్చే ఏటి పంట. ఎండు తెగులు ఖాయమైన చేలో వచ్చే రెండు మూడేళ్ళు కంది వేయకుండా జొన్న వంటి పంటకు మారండి. జొన్నతో అంతరపంటగా వేసినా తెగులు తగ్గుతుంది. ఆశ, మారుతి వంటి తట్టుకునే రకాలు ఎంచుకోండి. రెండు కిలోల ట్రైకోడెర్మా విరిడిని 90 కిలోల చివికిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండిలో పెంచి ఎకరాకు దుక్కిలో వేయండి.

బూజు దొరకని వరి

బట్లర్ జీవితంలో నాకు బాగా నచ్చే ఘట్టం తూర్పు బెంగాల్‌ది. ఇప్పుడది బంగ్లాదేశ్. అక్కడి లోతు నీటి వరిలో ఉఫ్రా అనే జబ్బు వచ్చేది. లేత ఆకుల మొదళ్ళు తెల్లబారి మెలి తిరిగేవి. వెన్ను పొట్టలోనే చిక్కుకుపోయేది, లేదా బయటికొచ్చినా తాలుగా ఉండేది. పొట్టలో చిక్కినదాన్ని ఒక పేరుతో, బయటికొచ్చి పాడైనదాన్ని ఇంకో పేరుతో రైతులే వేరు చేసి పిలిచేవారు. బట్లర్ ఆ తేడాను అలాగే తీసుకుని తన వర్ణనలో వాడారు. రైతు కన్ను మీద ఆయనకు ఆ మాత్రం నమ్మకం ఉంది.

బూజుల నిపుణుడు బూజు కోసమే వెతుకుతాడు. ఇక్కడ బూజు దొరకలేదు. దొరికింది చుట్టలు చుట్టుకుని ఉన్న సన్నని నులిపురుగు. వరి వేరులో కాకుండా, ముడిచి ఉన్న లేత ఆకుల మధ్య, పెరిగే కొన దగ్గర ఉండి రసం పీలుస్తోంది. 1913లో దాన్ని వర్ణించి టైలెంకస్ అంగుస్టస్ అని పేరు పెట్టారు. ఇప్పుడు దాన్ని డైటిలెంకస్ అంగుస్టస్ అంటున్నారు. తన శాస్త్రం కాని దాంట్లోకి వెళ్ళి, ఆ పురుగు గాలిలో తేమ ఎక్కువ ఉన్నప్పుడే తడి కాండం మీదుగా పైకి పాకుతుందని, కోత తరువాత ఎండిన కొయ్యకాళ్ళలో చుట్ట చుట్టుకుని నెలల తరబడి నిద్రపోతుందని చూపారు. దాంతో మందు లేకపోయినా మార్గం దొరికింది: కొయ్యకాళ్ళు కాల్చడం, దున్ని ఎండబెట్టడం. పల్లపు తడి నేలల్లో అది సరిగ్గా కుదరదన్న సంగతి వేరు.

మన వరిలో ఉఫ్రా సమస్య లేదు. అయితే వెన్ను పొట్టలో చిక్కడం, తెల్లబడటం మనకూ ఉన్నవే. తెల్ల వెన్నును పట్టి లాగితే సులువుగా ఊడివచ్చి, మొదట్లో కొరికిన గుర్తు కనపడితే కాండం తొలుచు పురుగు. పోటాకు తొడిమ మీద గోధుమ మచ్చలుండి, వెన్ను సగమే బయటికొచ్చి ఆగిపోతే పొట్టకుళ్ళు. రెండింటికీ మందులు వేరు. లాగి చూడటానికి పట్టేది అర నిమిషం.

చెరకు, గంధం

చెరకు ఎర్రకుళ్ళు మీద కూడా బట్లర్ చాలా పని చేశారు. మన గోదావరి జిల్లాలో ఈ తెగులు చెరకును అంత దెబ్బతీసిందంటే, దానికోసమే 1902లో సామర్లకోటలో మద్రాసు ప్రభుత్వం చెరకు పరిశోధన కేంద్రం పెట్టింది. సి.ఎ. బార్బర్ అక్కడ తట్టుకునే రకాలను పరీక్షించారు. బట్లర్, ఆయన సహాయకుడు అబ్దుల్ హఫీజ్ కలిసి 1913లో వెలువరించిన పనిలో తెగులు ముఖ్యంగా రోగపు ముచ్చెల ద్వారానే కొత్త తోటకు చేరుతుందని తేల్చారు. ఆకు ఈనె మీద ఎర్ర మచ్చలు కంటికి ముందు పడతాయి గానీ, అసలు దారి నాటిన ముచ్చె. గడను నిలువునా చీల్చి, ఎర్రబడిన భాగంలో అడ్డంగా తెల్ల మచ్చలు, పులిసిన వాసన ఉన్నాయేమో చూడకుండా ఏ తోట నుంచీ విత్తనం తీసుకోకండి.

గంధం చెట్ల కథ వేరు. దక్షిణాదిన గంధపు చెట్లు ఆకులు సన్నబడి, గుచ్ఛాలుగా మారి చనిపోయే తెగులును చూడమని ఆయన్ను కొలువులో చేరిన తొలి ఏళ్లలోనే పంపారు. 1903లో నివేదిక ఇచ్చారు. చంపే శిలీంద్రం ఏదీ దొరకలేదు, ఉన్నట్టు ఆయన రాయనూ లేదు. ఆ తెగులుకు ఫైటోప్లాస్మా కారణమని తేలడానికి ఇంకా అరవై ఏళ్లు పైగా పట్టింది. ఆనాటి సూక్ష్మదర్శినికి అందని జీవి అది. కొత్తగా ఉద్యోగంలో చేరినవాడికి, పైవాళ్ళు జవాబు కోసం ఎదురుచూస్తున్నప్పుడు, దొరకలేదని రాయడం తేలిక కాదు.

పుస్తకం, చివరి ఏళ్లు

ఈ పదిహేడేళ్ల పనినంతా 1918లో ఫంగై అండ్ డిసీజ్ ఇన్ ప్లాంట్స్ అనే పుస్తకంగా తెచ్చారు. మన దేశపు పంటల తెగుళ్ల మీద అంత విస్తారంగా వచ్చిన తొలి పుస్తకం అది. పూసాలో ఆయన మొదలుపెట్టిన ఎండబెట్టిన రోగపు ఆకుల, శిలీంద్రాల సేకరణ ఢిల్లీకి చేరి నేటికీ ఉంది. 1934 బీహార్ భూకంపంలో పూసా భవనం దెబ్బతిన్నాక సంస్థనే 1936లో ఢిల్లీకి తరలించారు.

1920లో బట్లర్ ఇంగ్లండ్‌కు వెళ్ళి, లండన్ దగ్గర క్యూలో కొత్తగా ఏర్పడిన ఇంపీరియల్ బ్యూరో ఆఫ్ మైకాలజీకి తొలి డైరెక్టరు అయ్యారు. పూసాలో ఆయన స్థానంలోకి గోదావరి తాటి మీద పని చేసిన మెక్రేయే వచ్చారు. క్యూలో ఉన్న పదిహేనేళ్ళలో ప్రపంచంలో ఎక్కడ ఏ తెగులు కనపడినా దాని సారాంశం అందరికీ చేరేలా 1922 నుంచి ఒక పత్రిక నడిపారు. 1931లో జి.ఆర్. బిస్బీతో కలిసి భారతదేశపు శిలీంద్రాల జాబితా ప్రచురించారు. 1926లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యారు, 1939లో సర్ బిరుదు వచ్చింది. 1943 ఏప్రిల్‌లో చనిపోయారు. రాస్తూ ఉండగా ఆగిపోయిన మొక్కల తెగుళ్ల పుస్తకాన్ని ఎస్.జి. జోన్స్ పూర్తి చేసి 1949లో తెచ్చారు.

నమూనా పంపేటప్పుడు

దగ్గరలోని కృషి విజ్ఞాన కేంద్రానికి గానీ ఏరువాక కేంద్రానికి గానీ తెగులు మొక్కను తీసుకెళ్ళేటప్పుడు ఆకు తెంపి తీసుకెళ్ళకండి. పూర్తిగా ఎండిపోయిన మొక్కలో చచ్చినదాని మీద బతికే శిలీంద్రాలే కనిపిస్తాయి కాబట్టి, అప్పుడే వాడటం మొదలైన మొక్కను తీసుకోండి. గడ్డపారతో చుట్టూ తవ్వి వేరు తెగకుండా లేపి, మట్టి దులిపి, తడి లేని పాత వార్తాపత్రికలో చుట్టండి. పాలిథిన్ కవరులో పెడితే దారిలోనే చెమట పట్టి కుళ్ళిపోతుంది. పక్కనే ఉన్న ఆరోగ్యమైన మొక్కను కూడా ఒకటి పీకి విడిగా కట్టండి. చేలో పల్లం ఎక్కడుంది, నీరు ఎప్పుడు పెట్టారు, గత మూడేళ్ళు ఏ పంట వేశారు, ఈ నెలలో ఏ మందు కొట్టారు అన్నవి ఒక చీటీ మీద రాసి జత చేయండి. ఫొటో పంపేవారు ఆకు ఒక్కటే కాకుండా మొక్క మొత్తం, చీల్చిన కాండం లోపలి భాగం, వేరు మూడూ కనపడేలా తీసి పంపండి.